గట్టిగా ఒక్క మాట

కారు ఎంత పెద్దదైతే దాని అద్దం అంత తక్కువ దిగుతుందని పెంటయ్య ఆరేళ్లు గేటు దగ్గర నిలబడి తెలుసుకున్నాడు. రాయదుర్గంలో మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే కనిపించే ఇరవై రెండంతస్తుల బిల్డింగుకి ఆయన రెండో గేటు సెక్యూరిటీ. పొద్దున ఎనిమిదికి టోపీ పెట్టుకుంటే మళ్లీ ఎనిమిదికే తీయడం. కర్రకి బిగించిన అద్దాన్ని బండి కిందికి తోసి చూడాలి, డిక్కీ తెరిపించి చూడాలి, అడ్డకర్ర లేపాలి, సలాం కొట్టాలి. ఆరేళ్లుగా ఆ డిక్కీల్లో ఆయన చూసిందల్లా క్రికెట్ బ్యాట్లు, ఇస్త్రీ బట్టలు, ఒకసారి మాత్రం ఒక మేకపిల్ల. బాంబు ఒక్కటీ లేదు. అయినా చూడాలి, డ్యూటీ అంటే డ్యూటీయే.

అద్దం పూర్తిగా దించి పలకరించే మనిషి ఆ బిల్డింగు మొత్తానికి ఒక్కడే. పేరు పార్థసారథి, తొమ్మిదో అంతస్తులో పెద్ద ఉద్యోగం, కాకినాడ వైపు మనిషి. "ఏం పెంటయ్యా, బాగున్నారా అండీ?" అని ఆయన అడిగితే పెంటయ్యకి ఆ పూట మోకాళ్ల నొప్పి కాస్త తగ్గినట్టుండేది. గేటు దగ్గరి మనిషిని 'అండీ' అనేవాడు ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతాడు చెప్పండి!

ఆ మంచితనమే కొంప ముంచింది. కాదులే, పాపం ఆయన్ని అనకూడదు. ముంచింది పెంటయ్యే. కన్నప్రేమ కొద్దీ ముంచాడు, అంతే.

పెంటయ్యకి ఒక్కతే కూతురు, రజిత. మొయినాబాద్ దారిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బి.కాం మొదటి ఏడాది పూర్తి చేసింది. అందులో ఎందుకు చేరిందంటే అక్కడ సీటు దొరికింది కాబట్టి. చదువుకోవాలని ఉన్నది మాత్రం ఎకనామిక్స్. ఆ పురుగు ఎప్పుడు కుట్టిందో పెంటయ్యకి బాగా గుర్తు. పన్నెండేళ్లప్పుడు బాలానగర్‌లో మేనమామ ఇంటికి పోయొచ్చి అడిగింది.

"బాపూ, బాలానగర్‌ల ఇడ్లీ ఒక ధర, ఈడ ఒక ధర. పిండి గదే, నీళ్లు గవే. ఎందుకట్ల?"

"గదంత దేవుని లీల బిడ్డా," అన్నాడు పెంటయ్య, ఏం చెప్పాలో తెలియక.

దేవుడి లీల అంటే ఊరుకునే పిల్ల కాదు. అప్పటి నుంచి అడుగుతూనే ఉంది. అడిగి అడిగి, ఇంట్లో జవాబు దొరకదని తేలాక పుస్తకాల్లో పడింది. సిటీలో ఉన్న ఒక పెద్ద యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి ఇంటర్ అయ్యాక రాస్తే రెండు మార్కుల్లో తప్పిపోయింది. ఆ రోజు ఏడవలేదు. పోయి బి.కాంలో చేరి, మర్నాటి నుంచి బస్సులో ఆ ఎకనామిక్స్ పుస్తకాలే చదవడం మొదలుపెట్టింది. పోను గంటన్నర, రాను గంటన్నర. కూర్చోడానికి సీటు దొరికిన రోజు పండగే.

ఆ పెద్ద యూనివర్సిటీలో ఒక పద్ధతి ఉంది. మొదటి ఏడాది అయ్యాక ఎవరైనా మానేస్తే, ఆ ఖాళీల్లోకి వేరే యూనివర్సిటీ పిల్లల్ని నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకుంటారు. ఈసారి ఖాళీలు రెండు. దరఖాస్తులు నూట నలభై మూడు.

దరఖాస్తంటే ఒక కాగితం నింపి పడేయడమా! చదువుతున్న కాలేజీ నుంచి అభ్యంతరం లేదని పత్రం కావాలి. చదివిన ప్రతి సబ్జెక్టు సిలబస్ కాపీ కావాలి, దాని ప్రతి పేజీ మీదా రిజిస్ట్రార్ గుండ్రటి ముద్ర పడాలి. నలభై ఆరు పేజీలు. ముద్ర ఉన్న రోజు రిజిస్ట్రార్ ఉండడు, రిజిస్ట్రార్ ఉన్న రోజు ముద్ర బీరువాలో, బీరువా తాళం సెలవులో. పిల్ల చెప్పులరిగేలా పదకొండుసార్లు తిరిగింది. ముఖం పీక్కుపోయింది, కళ్ల కింద నల్లటి చారలొచ్చాయి. చూడలేక పెంటయ్య ఒకరోజు అన్నాడు.

"రిజిస్ట్రార్ సారు డ్రైవరు మన జనగామ దిక్కోడేనంట బిడ్డా. ఒక్క మాట చెప్పిస్తనా?"

"వద్దు బాపూ," అంది రజిత, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే. "నువ్వు గీ జోలికి రాకు. నీకు దండం పెడత."

ఆయన రాలేదు. పన్నెండోసారికి ముద్రలు పడ్డాయి.

దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలంటే ఆ పిల్ల గేటు దగ్గరికే పట్టుకొచ్చింది. ఆఖరి రోజది, మధ్యాహ్నం మూడు గంటలు, వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతున్నాయి. విజిటర్ల రిజిస్టరు మీద కాగితం పెట్టి పెంటయ్య తెలుగులో పొడుగ్గా సంతకం చేశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు.

"ఏం రాసున్నది బిడ్డా దీంట్ల?"

"ఏం లేదు బాపూ. నేను నీ బిడ్డనని రాసున్నది, అంతే," అని నవ్వి, బస్సు కోసం పరుగెత్తింది.

రాతపరీక్ష అయింది. ఇంటర్వ్యూకి ఆరుగుర్ని పిలిచారు. ఆరుగురిలో రజిత హాల్ టికెట్ నంబరు ఉంది. ఎవరికెన్ని మార్కులన్నది చెప్పలేదు, అది ఇంటర్వ్యూ అయ్యాకే చెబుతారట.

ఆ సాయంత్రం కొండాపూర్ వెనక సందులో వాళ్ల కిరాయి గదిలో పెంటయ్య భార్య అనసూయమ్మ పరవాన్నం వండింది. ఆవిడ పక్క బిల్డింగులో హౌస్‌కీపింగ్. రోజూ నాలుగంతస్తులు తుడిచి వచ్చి, మళ్లీ ఇంట్లో నడుం వంచే మనిషి. గిన్నె కడుగుతూ భర్తతో మెల్లగా అంది.

"ఆరుగురు, రెండు సీట్లు. కడ్మ అయిదుగురికి ఎవరో ఒకరు చెప్పేటోళ్లుంటరు గదా. మనకెవరున్నరయ్యా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా! పెంటయ్య బతుకులో తనంతట తాను నడిచొచ్చింది ఏముంది, వానా జ్వరమూ తప్ప? ఈ సెక్యూరిటీ ఉద్యోగం సూపర్‌వైజర్ బావమరిది చెబితే వచ్చింది. రేషన్ కార్డు వార్డు లీడరు వెంట ఆర్నెల్లు తిరిగితే వచ్చింది. అత్తకి దవాఖానలో మంచం దొరకలేదు, రెండు రోజులు నేల మీదే పడుకోబెట్టారు. మూడో రోజు లిఫ్టు నడిపే ఆయన తెలిసినవాడని తేలాక గంటలో మంచం దొరికింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. ఎవరైనా సరే ఒక మనిషి, గట్టిగా ఒక్క మాట చెప్పాలి. దాన్నే మా వైపు పైరవీ అంటారు. అది తప్పని పెంటయ్యకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేవాళ్లు కూడా అదే చేస్తుంటే ఎవరు చెబుతారు?

అప్పుడు గుర్తొచ్చాడు పార్థసారథి. ఒకసారి టైరు పంక్చరైనప్పుడు ఆయనే మాటల్లో చెప్పాడు, వాళ్ల అన్నయ్య ఆ పెద్ద యూనివర్సిటీలోనే ప్రొఫెసరని.

మర్నాడు రజిత స్నానానికి పోయినప్పుడు పెంటయ్య ఆమె హాల్ టికెట్ తీసి, నంబరు అరచేతిలో రాసుకున్నాడు. గేటు దగ్గర మూడు రోజులు మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆరేళ్లలో ఆయన్ని ఏదీ అడగలేదు. అడిగితే ఆ 'అండీ' పోతుందేమోనని భయం. నాలుగో రోజు, అడగందే అమ్మైనా పెట్టదు కదా అని గుండె దిటవు చేసుకుని, అడ్డకర్ర లేపకుండా కారు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఒక్క మాట. మా బిడ్డది మీ అన్నగారి యూనివర్సిటీల ఇంటర్వ్యూ ఉన్నది. ఆయనకు జర చెప్తరా?"

పార్థసారథి ఒక్క క్షణం స్టీరింగు వైపు చూశాడు. అలసిన మనిషి ఆయనా. ఫోనులో అప్పటికే ఎవరో మీటింగుకి పిలుస్తున్నారు.

"ఇలాంటివి వాళ్లు వింటారో లేదో తెలీదండీ," అన్నాడు. పెంటయ్య ముఖం చూశాక, "సరే, నంబరు చెప్పండి. చెబుతాను. మీరడిగితే కాదంటానా?" అని రాసుకున్నాడు.

ఆ రోజంతా పెంటయ్యకి కాళ్లు నొప్పి పెట్టలేదు. కూతురికి చెప్పలేదు. సీటొచ్చాక చెబుదామనుకున్నాడు.

బుధవారం ఇంటర్వ్యూ. పెంటయ్య సెలవు పెట్టి కూతురితో వెళ్లాడు. పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు, పదకొండైనా పిలవలేదు. పొడుగాటి వరండా, గోడకి ఆనించిన బల్ల, బయట ముసురు. మిగతా అయిదుగురు పిల్లలు ఫైళ్లు తిరగేస్తూ పెదాలు కదుపుతున్నారు. రజిత మాత్రం గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఏడాదిగా ఆ పిల్ల అయిదింటికి ముందు లేవని రోజు లేదు. పెంటయ్య తన టోపీ లేని తలని ఊరికే తడుముకుంటూ, ఎదురుగా ఎవరు నడిచినా లేచి నిలబడుతున్నాడు. అలవాటు.

"కూసో బాపూ. ఈడ నువ్వు డ్యూటీల లేవు," అంది రజిత కళ్లు తెరవకుండానే.

నాలుగో నంబరుగా పిలిచారు. ఇరవై నిమిషాలకి బయటికొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. బల్ల మీద కూర్చుని అడిగింది.

"బాపూ, పార్థసారథి అంటే ఎవరు?"

పెంటయ్య ముఖం వెలిగిపోయింది. దాచలేకపోయాడు, పిచ్చి తండ్రి.

"సారు ఫోన్ జేసిండా? ఆఁ! మాట మీద నిలవడ్డడు చూసినవా! మా తొమ్మిదో అంతస్తు సారు బిడ్డా, దేవుడసొంటోడు..."

రజిత ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చూసి పెంటయ్య మాట మధ్యలోనే తెగిపోయింది.

"ఏమైంది?"

ఆమె చెప్పింది, గొంతు పెంచకుండా. పార్థసారథి అన్నగారు ఇంటర్వ్యూ కమిటీలో ఒకాయనకి ఫోన్ చేశాడు. తన తమ్ముడు పార్థసారథికి తెలిసినవాళ్ల అమ్మాయని చెప్పి, హాల్ టికెట్ నంబరు ఇచ్చాడు. ఆ కమిటీ ఆయన నేరుగా వెళ్లి ఛైర్‌పర్సన్‌కి చెప్పేశాడు. దరఖాస్తులో పద్నాలుగో షరతు ఉంది. అభ్యర్థి గానీ, తల్లిదండ్రులు గానీ ఎవరిచేతైనా సిఫారసు చేయిస్తే దరఖాస్తు రద్దు. దాని కిందే రజిత సంతకం, దాని పక్కనే పెంటయ్య సంతకం. ఎవరు ఫోన్ చేయించారో మీకు తెలుసా అని అడిగారు. తెలియదంది. సాయంత్రం అయిదులోగా తండ్రీ కూతుళ్లిద్దరూ రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి.

"ఇంటర్వ్యూ మంచిగనే చేసిన బాపూ," అంది. "అయిపోయినంక ఛైర్‌పర్సన్ మేడం చెప్పింది. రాతపరీక్షల ఆరుగురిల నేనే ఫస్టు. నా తర్వాతామెకు నాకు పదకొండు మార్కుల తేడా."

బయట కురుస్తున్న ముసురు చెవుల్లో హోరుమంది. ఫస్టు! పదకొండు మార్కులు! ఎవరూ ఏమీ చెప్పాల్సిన పనే లేదు. ఇంట్లో పడుకున్నా వచ్చే సీటు. ఆయన నోరు మూసుకుని గేటు దగ్గర నిలబడి ఉంటే చాలు. ఆరేళ్లుగా చేస్తున్న పనే అది, ఆ ఒక్కరోజూ చేయలేకపోయాడు.

"నువ్వు నన్ను నమ్మలె," అంది రజిత.

"నిన్ను నమ్మిన బిడ్డా," అన్నాడు పెంటయ్య. "నీ మీద ఒట్టు, నిన్ను నమ్మిన. వాళ్లనే నమ్మలె."



వరండా చివర ఆఫీసు గదిలో గిరీష్ అనే క్లర్కు ఉన్నాడు. చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం డబ్బా తింటూ ఇద్దర్నీ లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు.

"జర వినున్రి," అన్నాడు గొంతు తగ్గించి. "గిట్టనోడెవడన్న కావాలని కూడ ఫోన్ చేపిస్తడు గదా, ఎదుటోని సీటు పోగొడ్దామని. గందుకే, చేపించిందెవరో మాకు తెల్వదని రాసిస్తే కేండిడేట్‌ను తియ్యరు. ఇంతకుముందు రెండుసార్లయింది గట్ల. నాలుగు లైన్లు. 'ఫోన్ చేయించిన వ్యక్తి ఎవరో మాకు తెలియదు.' కింద ఇద్దరు సంతకాలు పెట్టున్రి. ఖతం. ఆ ప్రొఫెసర్ సారు కూడ గమ్మునుంటడు, ఆయన పరువు ఆయనకుండదా?"

పెంటయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"రాయి బిడ్డా, రాయి! తెల్వదని రాయి. నేను సంతకం పెడత. నిన్న పుట్టినోనికి తెల్వనట్టు నాకు సుత తెల్వదు."

రజిత తెల్ల కాగితం ముందు పెట్టుకుంది. పెన్ను మూత తీసింది. కింద ఎక్కడో క్యాంటీన్‌లో గిన్నెల చప్పుడు. గిరీష్ డబ్బా మూసి, చేతులు కడుక్కుని వచ్చాడు. అప్పటికీ కాగితం తెల్లగానే ఉంది.

"ఏమాలోచిస్తున్నవ్?" అన్నాడు పెంటయ్య, ఆత్రం పట్టలేక.

"చేపించింది నువ్వు బాపూ," అంది రజిత. "ఆయనెవరో నాకు తెల్వదని నిన్ను పట్టుకొని రాయమంటవా?"

"రాస్తే ఏమైతది? నేనేమన్న అనుకుంటనా!"

"నువ్వనుకోవు. నాకు చాతగాదు. రెండేండ్లు ఈ వరండల నడవాలె నేను. ఆ ప్రొఫెసర్ ఎదురైన ప్రతిసారి తల తిప్పుకోవాలె. ఎవరన్న మీ బాపు ఏం జేస్తడని అడిగితే, ఏం చెప్పాలె? చాలా అలిసిపోయిన బాపూ. ఇగ ఇది కూడ మొయ్యలేను."

అని రాసింది. ఇంగ్లీషులో రాసి, కింద తండ్రికి అర్థం కావడానికి తెలుగులో కూడా రాసింది. ఫోన్ చేయించింది మా నాన్న. ఆ సంగతి నాకు తెలియదు. ఆ షరతు ఉందని ఆయనకీ తెలియదు, ఎందుకంటే సంతకం పెట్టించుకునేటప్పుడు నేను చదివి వినిపించలేదు. బస్సుకి టైమైపోతోందని చెప్పలేదు. ఆ తప్పు నాది.

పెంటయ్య ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివాడు. తరవాత పెన్ను అడిగి తీసుకుని, దాని కింద తన పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. "తప్పు బిడ్డది కాదు. నాది. ఏ పని అయినా ఎవరో ఒకరు చెప్తేనే అయింది నాకు. చెప్పకుండ అయ్యే జాగ ఉన్నదని తెల్వదు. పెంటయ్య."

గిరీష్ ఆ కాగితం చదివి తల కొట్టుకున్నాడు. "ఏం మనుషులయ్యా మీరు!" అన్నాడు. అయినా తీసుకెళ్లి ఇచ్చాడు.

నాలుగున్నరకి లోపలికి పిలిచారు. ఛైర్‌పర్సన్ పేరు సంయుక్త. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. కాగితం ఆమె ముందుంది. ఆమె కూడా పొద్దున్నుంచి ఆ కుర్చీలోనే ఉన్నట్టుంది. కళ్లు నులుముకుని మాట్లాడింది.

"చూడమ్మా రజితా, ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇలాంటి వివరణ ఎవరూ ఇవ్వలేదు. నాకు చాలా బాధగా ఉంది. కానీ ఇది చదివాక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. తల్లిదండ్రులు చేయించినా రద్దే అని స్పష్టంగా ఉంది. నీ ఒక్కదానికి సడలిస్తే, రేపు నిజంగా పలుకుబడి ఉన్నవాళ్లు వచ్చి ఇదే అడుగుతారు. అప్పుడు నీలాంటి వాళ్లకి ఎప్పటికీ రాదు."

"అర్థమైంది మేడం," అంది రజిత.

పెంటయ్యకి అర్థం కాలేదు, లేదా అర్థం చేసుకోలేకపోయాడు. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆమె కాళ్ల మీద పడబోయాడు. "అమ్మా, నా మొఖం చూడకున్రి, బిడ్డ మొఖం చూడున్రి. మీరొక్క మాట చెప్తే..."

"బాపూ!"

రజిత ఆయన భుజం పట్టి లేపింది. అంత బలం ఆ పిల్లకి ఎక్కడిదో! సంయుక్త కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పెంటయ్య కూతురి వైపు చూశాడు. కోపంగా ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు నిద్రపోయినట్టే.

సంగతి విని అనసూయమ్మ గుమ్మంలోనే కూలబడింది. ముందు భర్తని తిట్టింది, తరవాత తన నోటిని తిట్టుకుంది, ఆ మాట అన్నది తనే కదా. చివరికి ఎవరిని తిట్టాలో తెలియక ఏడ్చింది. రజితే లేచి కుక్కర్ పెట్టింది. శుక్రవారం లిస్టు వచ్చింది. రెండు పేర్లు. ఆరుగురిలో రెండో ఆమె, మూడో ఆమె. వచ్చే ఏడు మళ్లీ రాద్దామంటే అప్పటికి రజిత మూడో ఏడాదికి వచ్చేస్తుంది, మూడో ఏడాదిలో చేర్చుకోరు. ఆ తలుపు అంతటితో మూసుకుంది.

సోమవారం పొద్దున ఆరున్నరకి రజిత సంచి భుజాన వేసుకుని మొయినాబాద్ బస్సుకి బయల్దేరింది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "బాపూ, డబ్బా మర్చిపోకు," అని చెప్పి వెళ్లింది. పెంటయ్య ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడున్నర దాకా అలాగే కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకి పార్థసారథి కారు గేటు దగ్గరికి వచ్చింది. అద్దం పూర్తిగా దిగింది.

"ఏం పెంటయ్యా, స్వీట్లు ఎప్పుడండీ? మా అన్నయ్య గట్టిగా చెప్పానన్నాడు. అయిపోయి ఉంటుందిగా?"

ఆయన ముఖంలో కపటం లేదు. ఒకరికి మేలు చేశానన్న సంతోషం ఉంది. ఆ సంతోషం చూసి పెంటయ్యకి, అయింది సార్, మీ దయ, అనేస్తే పోతుంది కదా అనిపించింది. ఆయన నోరు ఆ మాటకి అలవాటు పడ్డ నోరు. ఇన్నేళ్లలో ఎంతమందికి అలా దండం పెట్టలేదు? కాని ఈసారి మాట రాలేదు. అద్దం కర్ర గోడకి ఆనించి, కిటికీ దగ్గరికి వంగాడు.

"కాలె సార్. ఫోన్ జేయించినమని తీసేసిన్రు."

పార్థసారథి ముఖం తెల్లబోయింది. "అయ్యో! అదేంటండీ! అలా ఎలా తీసేస్తారు?" అంటూనే డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఫోను అందుకున్నాడు. "ఉండండి, ఉండండి. వైస్ ఛాన్సలర్ ఆఫీసులో మా వదిన తమ్ముడున్నాడు. ఇప్పుడే మాట్లాడతాను. ఎవరో ఒకరు గట్టిగా చెబితే..."

"వద్దు సార్."

పెంటయ్య చెయ్యి కిటికీలోంచి లోపలికి వెళ్లి ఆ ఫోను మీద పడింది. ఆరేళ్లలో ఏ కారు లోపలా ఆయన చెయ్యి పెట్టలేదు. వెనక మూడు కార్లు హారన్లు కొడుతున్నాయి.

"ఎవ్వరికీ ఫోన్ చెయ్యకున్రి సార్, మీ కాళ్లు మొక్కుత. మా బిడ్డకు ఫస్టొచ్చింది. మీకు నేను చెప్పకముందే, మీ అన్నగారు చెప్పకముందే, ఎవ్వరు చెప్పకముందే వచ్చింది. పదకొండు మార్కులు ఎక్కువ. ఎవరికన్న చెప్పాలనుంటే గదొక్కటి చెప్పున్రి."

చెయ్యి తీసి, రెండడుగులు వెనక్కి వేసి, అడ్డకర్ర లేపాడు.